ఇంటి దగ్గరే ఏటీఎఫ్ మార్పు: ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్‌తో నా అనుభవం

వారంటీ అయిపోయినప్పటి నుంచి మా ఫార్చ్యూనర్ 2.8 డీజిల్ ఆటోమేటిక్‌కి గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) నేనే మారుస్తున్నాను. బెంగళూరు హొరమావులో మా ఇంటి ముందు గచ్చు మీదే పని. బండి లక్షన్నర కిలోమీటర్లు దాటింది. అందులో సక్లేష్‌పూర్ బురద దారులూ, కడప వైపు రాళ్ల వాగులూ బాగానే ఉన్నాయి. గేర్లు ఇప్పటికీ మెత్తగా పడుతున్నాయి. ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది, నిక్షేపంగా చేసుకోవచ్చు అని. కాకపోతే ఆయిల్ దించడం, పోయడం ఇందులో చిన్న పని. అసలు పనంతా లెవెల్ చూడటంలో ఉంది. దానికి ఓపిక లేకపోతే నట్టు ముట్టుకోకండి.

"ఇది సీల్డ్ బాక్స్ సార్, జీవితాంతం మార్చక్కర్లేదు" అన్న మాట నేనూ విన్నాను. ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ కడ్డీ లేదు కాబట్టి సీల్డ్ అంటారు. అంతమాత్రాన లోపలి ఆయిల్ పాడవకుండా ఉండదు. ఆటోమేటిక్‌లో ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించేది టార్క్ కన్వర్టర్‌లో తిరిగే ఆయిలే. హైవే మీద, ఇంజన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే లాకప్ క్లచ్ పట్టేస్తుంది, వేడి తక్కువ. ఫోర్-లోలో, అంటే నాలుగు చక్రాలూ లాగే తక్కువ గేరులో, రాళ్లెక్కుతున్నప్పుడు, ఇసుకలోంచి బండిని లాగుతున్నప్పుడు కన్వర్టర్ స్లిప్ అవుతూనే ఉంటుంది. ఆ స్లిప్ అంతా వేడి కింద మారి ఆయిల్‌లోకే పోతుంది. ఆ వేగంలో కూలర్‌కి ఎదురుగాలి కూడా ఉండదు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ ఆక్సీకరణ వేగం సుమారుగా రెట్టింపవుతుంది. అందుకే 44వ నంబరు హైవే మీద అనంతపురం వెళ్లొచ్చే బండి లెక్క వేరు, ఆఫ్‌రోడ్ బండి లెక్క వేరు. నేను 40 వేల కిలోమీటర్లు దాటనివ్వను.

ఈ ఆరు గేర్ల బాక్స్‌కి పోయాల్సింది ఏటీఎఫ్ డబ్ల్యూఎస్. పాత టీ-4 రకం ఆయిల్ కంటే బాగా పల్చగా ఉంటుంది, బాక్స్ లోపలి క్లచ్‌ల ప్రెషర్ లెక్కలన్నీ ఆ పల్చదనాన్ని బట్టే పెట్టి ఉంటాయి. ఎర్రగా ఉంది కదా అని దొరికినదల్లా పోయడానికి లేదు. వాషర్లు, పాన్ (బాక్స్ కింది ఆయిల్ తొట్టి) గాస్కెట్ జేసీ రోడ్డులో తెచ్చుకుంటాను గానీ ఆయిల్ మాత్రం కంపెనీ పార్ట్స్ కౌంటర్లో బిల్లుతోనే కొంటాను.

డ్రెయిన్ నట్టు విప్పితే దిగేది మూడు లీటర్లకు అటూఇటూ. బాక్స్‌లో మొత్తం పది లీటర్ల దాకా పడుతుంది. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. కాబట్టి ఒకసారి మారిస్తే కొత్తది 30 శాతమే. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి రెండోసారి మారిస్తే 51 శాతం, మూడోసారికి దాదాపు 66. నేను ఈ మూడు విడతల పద్ధతే పాటిస్తున్నాను. ఆయిల్ ఎక్కువ పడుతుంది, నిజమే. అయినా ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని బాక్స్‌కి ఒకేసారి మెషిన్ పెట్టి మొత్తం తోడేయడం కంటే ఇలా మెల్లగా మార్చడమే నాకు నమ్మకం.

విప్పేటప్పుడు వరస ముఖ్యం. ముందు పైనున్న ఫిల్ నట్టు వదులవుతుందో లేదో చూడాలి, 24 స్పానర్ పడుతుంది. అది బిగుసుకుపోయి ఉండగా కింద ఆయిల్ దించేశారంటే బండి కదలదు, ఇక టోయింగే గతి. ఆఫ్‌రోడ్ బండికి ఉన్న సుఖం ఏమిటంటే, జాకీ అక్కర్లేకుండానే కిందకి దూరొచ్చు. అప్పుడు నాలుగు చక్రాలూ ఒకే మట్టం మీద ఉంటాయి, లెవెల్‌కి కావలసింది కూడా అదే. ఫిల్ రంధ్రం దగ్గర చెయ్యి పట్టే చోటు తక్కువ. సీసాకి బిగించే చౌక పంపులు సగంలో గాలి పీలుస్తాయి. మొక్కలకి మందు కొట్టే చేతి స్ప్రేయర్ కొత్తది కొని, దానికి పారదర్శకపు గొట్టం తగిలించాను. ఇన్నేళ్లూ అదే వాడుతున్నాను, చుక్క కారదు. దాన్ని ఇంక దేనికీ వాడను.

ఇక లెవెల్. పాన్ లోపల ఒక చిన్న గొట్టం నిలబడి ఉంటుంది, దాని కింది మూతే ఓవర్‌ఫ్లో నట్టు. ఆ గొట్టం అంచు దాటిన ఆయిల్ కిందకి కారిపోతుంది, అంచు దగ్గర ఆగితే లెవెల్ సరిగ్గా ఉన్నట్టు. కాకపోతే వేడికి ఆయిల్ ఉబ్బుతుంది. పది లీటర్లు 30 నుంచి 80 డిగ్రీలకి చేరితే మూడున్నర వందల మిల్లీలీటర్లు పెరిగినట్టే. అందుకే సర్వీస్ మాన్యువల్ ఒక ఉష్ణోగ్రత హద్దు ఇస్తుంది. అది బండి తిరిగి వచ్చినప్పుడు ఉండే వేడికంటే చాలా తక్కువ. చల్లటి బండితోనే మొదలుపెట్టాలి. హద్దు దాటిపోతే మళ్లీ చల్లారేదాకా గంటలు ఆగాలి. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు ఉదయం దీనికి భలే అనుకూలం. చెన్నైలో ఉండే మా బావమరిదికీ ఇదే బండి. "బావా, ఇక్కడ మే నెలలో తెల్లవారకముందే ఆయిల్ ముప్పై దగ్గర ఉంటుంది, నట్టు విప్పేలోపే టైం అయిపోతుంది" అంటాడు.

బండి కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ స్కానర్ ఫోన్‌కి కలిపి ఏటీఎఫ్ వేడి చూస్తూ ఉంటాను. కొనేముందు ఆ యాప్ గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత చూపిస్తుందో లేదో కనుక్కోండి, చాలావాటిలో ఇంజన్ కూలెంట్ వేడి మాత్రమే కనిపిస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేసి, మా అబ్బాయి బ్రేకు తొక్కి లీవరుని అన్ని గేర్లలోకీ నిదానంగా తిప్పి మళ్లీ పీలో (పార్క్) పెడతాడు. హ్యాండ్‌బ్రేకు, చక్రాలకి అడ్డు చెక్కలు తప్పనిసరి. ఇంజన్ నడుస్తూ ఉండగానే ఓవర్‌ఫ్లో మూత తీయాలి. ఆపి తీస్తే కన్వర్టర్‌లోంచి దిగిన ఆయిల్ కూడా కారిపోయి లెవెల్ తగ్గుతుంది. మొదట వేలెడు లావు ధార వస్తుంది. క్రమంగా సన్నబడి దారంలా అవుతుంది, తర్వాత తెగి తెగి చుక్కలు పడతాయి. అప్పుడు ఫోన్‌లో అంకె హద్దులో ఉంటే మూత బిగించేయాలి. అసలేమీ కారకపోతే కారేదాకా పైనుంచి పోయాలి. తక్కువైతే పంపు గాలి పీల్చి క్లచ్‌లు జారతాయి. ఎక్కువైతే తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి. కొత్త వాషర్, 20 న్యూటన్ మీటర్లు, అంతే. నట్టు మీద బలం చూపించొద్దు. ఈ పని బేస్‌మెంట్‌లో మాత్రం వద్దు. ఇంజన్ నడుస్తుంటే ఆ పొగలో మీరు పడుకుని ఉంటారు, ప్రాణానికే ముప్పు.

పాన్ దించినప్పుడు అయస్కాంతాలకి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది. వేలితో రుద్దితే కాటుకలా మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదలే. గరుకుగా, మెరిసే ముక్కలు తగిలితే ఆయిల్ మార్చి ఊరుకోకూడదు, బాక్స్ చూపించాలి. వాగు దాటి వచ్చాక దిగిన ఆయిల్ గులాబీరంగులో పాలలా కనిపిస్తే లోపలికి నీళ్లు చేరాయని. బాక్స్‌కి గాలి ఆడే బ్రీదర్ గొట్టం ఊడిందేమో చూసి, విడతలని చూడకుండా వెంటనే మొత్తం మార్పించండి.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. మైలేజీ పెరగలేదు. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఉండే చిన్న కుదుపు మొదటి మార్పుకి తగ్గి, మూడో విడతకి పోయింది. ఘాట్‌లో దిగుతున్నప్పుడు కింది గేరు తడబడకుండా పడుతోంది. దించిన ఆయిల్ మొదట్లో కాఫీ డికాక్షన్ రంగులో వచ్చేది, ఇప్పుడు ముదురు ఎరుపులోనే ఉంటోంది. పాత ఆయిల్‌ని కొత్తది వచ్చిన డబ్బాల్లోనే పోసి, రీసైక్లింగ్‌కి ఇచ్చే గ్యారేజీ డ్రమ్ములో పోయించి వస్తాను. చట్టం ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మోరీలో పోస్తే నేరుగా చెరువులోకి పోతుంది.