గ్రీన్‌బేలో ప్యాకర్స్ క్యాంప్: ఆట ఉచితం, గది నిలువు దోపిడీ

రాత్రికి 241 డాలర్లు! విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్‌బేలో హైవే పక్కన, తడిసిన కార్పెట్ వాసన కొట్టే మోటెల్ గదికి జూలై ఆఖరి వారంలో వసూలు చేసిన ధర ఇది. మేం వెళ్లింది ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ప్యాకర్స్ ప్రాక్టీస్ చూడటానికి. ఆన్‌లైన్‌లో కనిపించింది 189. కౌంటర్ దగ్గర 'ఫెసిలిటీ ఫీజు' పేరుతో 20, పన్నులు 32 కలిపారు. ఏమిటా ఫెసిలిటీ అంటే స్విమ్మింగ్ పూల్ అన్నారు. పూల్‌కి చూస్తే తాళం. పైగా కార్డు మీద డిపాజిట్‌గా ఇంకో 100 హోల్డ్ (తాత్కాలికంగా ఆపి ఉంచడం). డెబిట్ కార్డు ఇస్తే ఆ వంద ఖాతాలోకి తిరిగి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి ఇలాంటి చోట్ల క్రెడిట్ కార్డే ఇవ్వాలి. అదే గది రెండు వారాల తర్వాత మంగళవారానికి వాళ్ల సైట్‌లోనే 94!

ఈ ధరకి ఫుట్‌బాల్ ఒక్కటే కారణం కాదు. గ్రీన్‌బేకి దక్షిణంగా 50 మైళ్ల దూరంలో ఆష్‌కాష్ ఉంది. ఏటా జూలై చివర్లో అక్కడ ఎయిర్‌వెంచర్ అనే విమానాల జాతర జరుగుతుంది. లక్షల్లో జనం వస్తారు. ఆష్‌కాష్, యాపిల్టన్ నిండాక మిగిలినవాళ్లు గ్రీన్‌బే గదుల మీద పడతారు. ప్యాకర్స్ ట్రైనింగ్ క్యాంప్ (సీజన్ ముందు సాధన) మొదలయ్యేది కూడా ఆ రోజుల్లోనే. అందుకే ఆగస్టు మొదటి రెండు వారాల్లో, సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్లడం మంచిది. ప్యాకర్స్ సొంత మైదానం లాంబో స్టేడియంలో 'ఫ్యామిలీ నైట్' అనే ప్రత్యేక ప్రాక్టీస్ జరిగే వారాంతం కూడా ఖరీదే. జూలైలోనే వెళ్లక తప్పదంటే ఐ-43 హైవే మీద మానిటోవాక్‌లో దిగండి. పొద్దున్నే 40 మైళ్లు నడపాలి, అంతే.

ఆగస్టు అయితే ఆట పరంగా కూడా లాభం. లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) నిబంధనల ప్రకారం క్యాంప్ మొదటి కొన్ని రోజులు ఆటగాళ్లు దెబ్బ తగలకుండా కాపాడే ప్యాడ్లు వేసుకోరు. ఒంటి మీద హెల్మెట్ తప్ప పెద్దగా ఏమీ లేకుండా పరుగులు తీస్తుంటే చూసేవాళ్లకు మజా ఏముంటుంది? ప్యాడ్లు వేశాకే అసలు ఢీ.

షికాగో శివార్ల నుంచి గ్రీన్‌బేకి దాదాపు 200 మైళ్లు, మూడున్నర గంటలు. ఇల్లినాయ్ దాటాక టోల్ లేదు. దారి గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు.

ప్రాక్టీస్ జరిగేది రే నిచ్‌కీ ఫీల్డ్‌లో. లాంబోకి ఎదురుగా, ఒనైడా స్ట్రీట్ దాటితే చాలు. టికెట్ లేదు, ఓపెన్ ప్రాక్టీస్ అయితే నేరుగా నడిచి వెళ్లడమే. అదే ప్రత్యర్థి టీమ్ షికాగో బేర్స్ క్యాంప్ అయితే లేక్ ఫారెస్ట్‌లోని హాలస్ హాల్‌కి ముందే టికెట్ తీసుకోవాలి, ఉచితమే అయినా అవి త్వరగా అయిపోతాయి. (ఈ ముక్క అన్నందుకు మా బావగారు దారంతా మూతి ముడుచుకున్నారు. ఆయన బేర్స్ మనిషి.) ప్యాకర్స్ షెడ్యూల్‌లో 'ఓపెన్' అని రాసిన రోజులు మాత్రమే లెక్క. మధ్యలో సెలవులు, మూసేసిన ప్రాక్టీసులు ఉంటాయి. వర్షం, మెరుపులు వస్తే టీమ్ మొత్తం పక్కనున్న ఇండోర్ మైదానం డాన్ హట్సన్ సెంటర్‌లోకి వెళ్లిపోతుంది. అందులోకి జనాన్ని రానివ్వరు. కాబట్టి ఒక్క రోజు కోసం అంత దూరం వెళ్లకండి, రెండు ప్రాక్టీసులు కలిసొచ్చేలా చూసుకోండి. బ్యాగు పారదర్శకంగా, 12×6×12 అంగుళాల లోపు ఉంటే గేటు దగ్గర గొడవ ఉండదు. ప్రాక్టీస్ నడుస్తుండగా వీడియో తీయనివ్వరు.

పిల్లలుంటే అసలు సంబరం సైకిళ్లది. 1950ల చివర నుంచీ వస్తున్న ఆచారం ఇది. ఆటగాడు లాకర్ రూమ్ నుంచి వచ్చి ఏదో ఒక పిల్లాడి సైకిలెక్కి మైదానానికి వెళ్తాడు, పిల్లాడు అతని హెల్మెట్ మోస్తూ పక్కన పరుగెడతాడు. ప్రాక్టీస్‌కి గంటన్నర ముందే లాంబో వైపు వరసలో నిలబడాలి. టైర్లలో గాలి నిండా కొట్టండి, సీటు బోల్టు బిగించండి. 300 పౌండ్ల లైన్‌మన్ (ముందు వరసలో ఢీకొనే భారీ ఆటగాడు) కూర్చుంటే వదులు సీటు వెనక్కి వాలిపోతుంది. పక్క చక్రాలున్న సైకిల్ వద్దు. పేరున్న ఆటగాళ్లలో కొందరికి అలవాటైన పిల్లలు ఉంటారు, కాబట్టి కొత్తగా వచ్చిన రూకీల మీద ఆశ పెట్టుకోవడం మేలు. పొద్దున ఎవరూ ఎక్కలేదని పిల్లాడు ఏడిస్తే ఊరడించి అక్కడే ఉంచండి. తిరుగు దారిలో మళ్లీ సైకిళ్లెక్కుతారు, ఎండకి అప్పటికి చాలా కుటుంబాలు వెళ్లిపోయి ఉంటాయి. ఆటోగ్రాఫ్‌కి ఆకుపచ్చ జెర్సీ అయితే వెండి రంగు మార్కర్ ఉండాలి, నల్లది కనపడదు.

మైదానంలో ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. క్యాంప్‌లో 90 మంది ఉంటారు, సీజన్‌కి మిగిలేది 53. అంతమందికి నంబర్లు చాలక అఫెన్స్‌లో (దాడి చేసేవాళ్లలో) ఒకరికి, డిఫెన్స్‌లో (అడ్డుకునేవాళ్లలో) ఒకరికి ఒకే నంబరు ఇస్తారు. టీమ్ సైట్ నుంచి రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) ప్రింట్ తీసుకెళ్లండి. ఎర్ర జెర్సీ బంతి విసిరే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్‌ది, అంటే ఢీకొట్టకూడదని గుర్తు. హారన్ మోగినప్పుడల్లా డ్రిల్ మారుతుంది. అందరి కళ్లూ క్వార్టర్‌బ్యాక్ మీదే ఉంటాయి గానీ, అఫెన్సివ్, డిఫెన్సివ్ లైన్‌మన్ ఒకరికొకరు తలపడే వన్-ఆన్-వన్ చూడండి. ప్రతి రౌండూ మూడు నాలుగు సెకన్లే, పొట్టేళ్ల పందెంలా దబ్ మని శబ్దం వస్తుంది. బెంచీల పైవరస నుంచి చేతులు ఎక్కడ పడుతున్నాయో కూడా కనపడుతుంది. ఉద్యోగం నిలబడేదీ ఊడేదీ అక్కడే.

తిండి విషయంలో విస్కాన్సిన్ మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. శుక్రవారం 'ఫిష్ ఫ్రై' ఇక్కడ ఇంటింటి అలవాటు. ఒక చిన్న బార్‌లో 19 డాలర్లకు పెర్చ్ చేపలు, బంగాళదుంప అట్టు, రై బ్రెడ్, కోల్‌స్లా పెట్టారు. చేప అప్పుడే వేయించింది, పైన కరకర, లోపల మెత్తగా. ఉప్పు సరిపోయింది, కారం మాత్రం మనమే తెచ్చుకోవాలి. కారప్పొడి పొట్లం తీయగానే బావగారి మూతి ముడుపు విడిపోయింది. చాలాచోట్ల పిండిలో బీరు కలుపుతారు, పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగాలి. బ్రాట్‌లు (సాసేజ్‌లు) ఎక్కువగా పంది మాంసమే, బటర్ బర్గర్ గొడ్డు మాంసం. శాకాహారులకు వేయించిన చీజ్ కర్డ్స్ (చిన్న చీజ్ ముక్కలు) దిక్కు. వేయించనివి దొరికితే అవే తినండి, తాజావైతే పంటి కింద కీచుమంటాయి.

మధ్యాహ్నం ఖాళీ ఉంటే లాంబో క్లాసిక్ టూర్ తీసుకోండి. గంటసేపు ఉంటుంది, ఆటగాళ్లు వచ్చే సొరంగం గుండా మైదానం అంచుదాకా తీసుకెళ్తారు. హాల్ ఆఫ్ ఫేమ్ (టీమ్ మ్యూజియం) మాత్రం గడ్డకట్టే చలిలో ప్యాకర్స్ గెలిచిన 1967 ఐస్ బౌల్ మ్యాచ్ కథ తెలిసినవాళ్లకే, పిల్లలు పది నిమిషాల్లో బయటికి లాగుతారు. ప్రాక్టీస్ అవ్వగానే ఉన్న టూర్ బుక్ చేస్తే సైకిళ్ల తిరుగు వరస పోతుంది, అందుకే గంటన్నర తర్వాతి టైమ్ పెట్టుకోండి.