పియర్ తోటల నుంచి టెహ్రాన్-రో దాకా: గంగ్నమ్‌లో చూడవలసినవి, ఉండవలసిన చోటు

సియోల్ వెళ్లే మనవాళ్లలో చాలామంది రాజప్రాసాదాలున్న హాన్ నది ఉత్తరపు ఒడ్డున బస చేసి, గంగ్నమ్‌ను ఒక సాయంత్రం దుకాణాలు తిరగడానికి మాత్రమే ఉంచుకుంటారు. అరవై ఏళ్ల కిందటి పల్లెపట్టు కొరియాలోని అత్యంత ఖరీదైన ప్రాంతాల్లో ఒకటిగా ఎలా మారిందో తెలుసుకోవాలనుకునేవారు హాన్ నదికి దక్షిణాన, ఇక్కడే బస చేసి, కాలినడకన చూడాలని నా అభిప్రాయం.

1963లో నగరం హద్దులు పెంచినప్పుడు ఈ పల్లెలు సియోల్‌లో కలిశాయి. అప్పటికి ఇక్కడున్నవి పొలాలు, కూరగాయల మళ్లు, అప్గుజాంగ్ వైపు పియర్ తోటలు. 1969 చివర హన్నమ్ వంతెన, మరుసటి ఏడాది బూసాన్ దాకా వెళ్లే ఎక్స్‌ప్రెస్ రహదారి వచ్చాయి. రైతుల భూములను ఒకచోట కలిపి, రోడ్లకు కొంత తీసుకుని, అభివృద్ధి ఖర్చుకు కొన్ని ప్లాట్లు అమ్మి, మిగిలినవి యజమానులకు తిరిగి ఇచ్చే పద్ధతిలో ఈ లేఅవుట్ వేశారు. అమరావతి భూ సమీకరణను దగ్గర నుంచి గమనించినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అయినా జనం వెంటనే కదలలేదు. ఉత్తర కొరియా సరిహద్దు వైపున్న పాత నగరంలో జనం కిక్కిరిసిపోవడం ప్రభుత్వాన్ని కలవరపెట్టింది కాబట్టి, 1972లో నదికి ఉత్తరాన కొత్త నిర్మాణాలపై ఆంక్షలు పెట్టి, ఆ తర్వాత పేరున్న ఉన్నత పాఠశాలలను సైతం దక్షిణానికి తరలించింది. 1976లో గ్యోంగీ హైస్కూల్ గంగ్నమ్‌లోని సామ్‌సంగ్-డాంగ్‌కు రావడం వాటిలో ముఖ్యమైనది. పిల్లల చదువు కోసం ఇల్లు మారే తల్లిదండ్రులను ఎరిగిన మనకు ఆ ఒక్క నిర్ణయం బలం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కథను నేల మీద చూడడానికి అన్నిటికన్నా మంచి చోటు సన్‌జంగ్‌నుంగ్. ఒకప్పుడు కొరియాను పాలించిన జోసన్ వంశపు రాజులు సంగ్‌జాంగ్, జుంగ్‌జాంగ్‌ల సమాధులు, సంగ్‌జాంగ్ రాణి సమాధి ఇక్కడి చెట్ల మధ్య గడ్డి దిబ్బలుగా ఉన్నాయి. 2009లో దక్షిణ కొరియాలోని ఇతర జోసన్ రాజసమాధులతో పాటు ఇవి యునెస్కో జాబితాకెక్కాయి. ప్రవేశ రుసుము 1,000 వాన్లే, సోమవారం సెలవు. దిబ్బల వెనుకనే అద్దాల కార్యాలయ భవనాలు కనిపించే ఈ ఆవరణను, చుట్టూ భూమి ధర ఇంతగా పెరిగినా కాపాడుకున్నందుకు, కొరియన్లను మనసారా మెచ్చుకోవాలనిపించింది. ఉదయాన్నే వెళ్లి తీరికగా తిరగండి.

అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే, 794లో స్థాపించిన బోంగున్సా బౌద్ధాలయం ఉంది. 1856లో మహా లిపికారుడు కిమ్ జాంగ్-హీ మరణానికి కొద్ది రోజుల ముందు రాసిన ఫలకం ఇక్కడి గ్రంథాగారానికి తగిలించి ఉంది. అందరూ పెద్ద విగ్రహం దగ్గర ఫొటోలకు ఆగిపోతారు గానీ, అసలు చూడవలసింది ఆ ఫలకమే. ఆలయంలో బస చేసే కార్యక్రమం కూడా ఉంది, ముందుగా నమోదు చేసుకోవాలి. రోడ్డుకు అవతల కోఎక్స్ మాల్. అందులో 2017లో తెరిచిన పుస్తకశాల కంటికి ఇంపుగా ఉంది గానీ, కూర్చుని చదువుకునే చోటు కాదు. గంట చాలు.

అప్గుజాంగ్‌లో పియర్ తోటల స్థానంలో 1970ల హ్యుందాయ్ అపార్ట్‌మెంట్లు నిలిచాయి. బయటి నుంచి సాదాగా ఉంటాయి. అయినా కొరియా మధ్యతరగతి కల రూపుకట్టింది ఇక్కడే కనుక ఒకసారి చూడాలి. దేచి-డాంగ్‌లో రాత్రి పది దాటాక ట్యూషన్ కేంద్రాల నుంచి పిల్లలు గుంపులుగా బయటికి రావడం చూస్తే, 1970లలో పాఠశాలల తరలింపు ఇప్పటికీ ఈ ప్రాంతపు ఇళ్ల ధరలను ఎలా నడిపిస్తోందో తెలుస్తుంది. ఆ దృశ్యం నన్ను బాధపెట్టింది.

బసకు గంగ్నమ్ ప్రధాన రహదారి టెహ్రాన్-రో మీద సల్లుంగ్ స్టేషన్ పరిసరాలను సూచిస్తాను. మేము దిగిన హోటల్ గది చిన్నదే, పెట్టెలు తెరిస్తే నడవడానికి చోటు లేదు. అయినా శుభ్రత, నిశ్శబ్దం బాగున్నాయి. గంగ్నమ్ స్టేషన్ పక్కన రాత్రి సందడి ఎక్కువ కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవారికి నప్పదు. ఇంచాన్ విమానాశ్రయం నుంచి వచ్చేవారు గింపో విమానాశ్రయం స్టేషన్‌లో 9వ మెట్రో లైన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే నేరుగా సన్‌జంగ్‌నుంగ్‌లో దిగవచ్చు. ఆఫీసు వేళల్లో ఆ లైన్‌లో నిలబడే చోటు కూడా దొరకదు, సామాను ఉంటే ఆ సమయం తప్పించుకోండి. నడకదారులకు నేవర్ మ్యాప్ అనే కొరియా మ్యాప్ యాప్ నమ్మదగినది.

శాకాహారులకు మాత్రం ఇక్కడ కొంత కష్టమే. కూరగాయల పులుసులా కనిపించేదానిలోనూ చేపల రసం ఉండవచ్చు. మాంసం వద్దని చెప్పడం చాలదు, చేపలు, రొయ్యలు కూడా వద్దని కొరియన్‌లో రాసిన చీటీ చూపించి, మాంసం, గుడ్డు లేని బిబింబాప్ (కూరగాయలతో కలిపి తినే అన్నం) అడగడం మేలు.