రోజంతా నడిచే ఇంటి కంప్యూటర్: పాత డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా, మినీ పీసీనా?

ఫోటోల బ్యాకప్, వీడియోల సర్వర్, ఇంటి ఆటోమేషన్ లాంటి పనులకు ఇరవైనాలుగు గంటలూ నడిచే కంప్యూటర్ పెట్టుకోవాలనుకునేవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. మూలనపడ్డ డెస్క్‌టాప్‌నే వాడుకోవాలా, పాత ల్యాప్‌టాప్ చాలా, కొత్తగా మినీ పీసీ (అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటర్) కొనాలా? అందరూ కోర్లు, ర్యామ్ దగ్గర మొదలుపెడతారు. నేను ముందు అడిగేది ఒక్కటే: పనేమీ లేనప్పుడు అది ఎన్ని వాట్లు లాగుతుంది?

ఎందుకంటే ఇలాంటి మెషీన్ రోజులో ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. ఒక్క వాట్ ఏడాది పొడుగునా కాలితే 8.76 యూనిట్లు. అంటే ఖాళీగా 60 వాట్లు లాగే డెస్క్‌టాప్‌కు ఏడాదికి 525 యూనిట్లు, 10 వాట్ల మినీ పీసీకి 88 లోపే. లోపలికి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. ఆ వేడిని బయటికి తోయడానికి ఫ్యాన్ తిరగాలి, అది తిరిగితే రొద. అందుకే వాట్లు తగ్గిస్తే మిగతా రెండు బాధలూ చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

టీడీపీ (ప్రాసెసర్ కంపెనీ చెప్పే వాట్ల అంకె) చూసి మాత్రం నిర్ణయించకండి. అది ప్రాసెసర్ గట్టిగా పనిచేసేటప్పటి లెక్క. 65 వాట్ల టీడీపీ చిప్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు కొద్ది వాట్లకే దిగగలదు. ఇంటెల్ ఎన్100 టీడీపీ 6 వాట్లే, కానీ ఆ చిప్ ఉన్న మినీ పీసీ పని మీద పడ్డప్పుడు 20 వాట్లు దాటడం మామూలే. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య పెట్టే వాట్ మీటర్ ఏం చూపిస్తే అదే లెక్క.

డెస్క్‌టాప్ ఎక్కువ లాగడానికి ప్రాసెసర్ కంటే దాని చుట్టూ ఉన్నవే పెద్ద కారణం. విడి గ్రాఫిక్స్ కార్డు ఏ పనీ లేకుండానే 10, 15 వాట్లు తినేస్తుంది. సర్వర్‌కు అది అక్కర్లేకపోతే తీసేయండి. తర్వాతిది పవర్ సప్లై. 650 వాట్లది పెట్టి 30 వాట్లు వాడితే అది 5 శాతం లోపు లోడ్ మీద నడుస్తున్నట్టు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గోల్డ్ ముద్ర కోసం పరీక్షించేది 20, 50, 100 శాతం లోడ్ దగ్గర. ఇంత తక్కువ లోడ్‌లో ఆ ముద్ర దేనికీ హామీ కాదు.

మూడోది బయటికి కనిపించదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉంటే లినక్స్‌లో పవర్‌టాప్ అనే కరెంటు వాడకం చూపే ప్రోగ్రాం తెరిచి ఐడిల్ స్టాట్స్ ట్యాబ్‌లో ప్యాకేజీ అంకెలు చూడండి. ప్రాసెసర్ ఎంత గాఢ నిద్రలో ఉందో అవి చెబుతాయి, సీ పక్కన అంకె పెరిగేకొద్దీ నిద్ర గాఢం. ఎక్కువ కాలం సీ8లోనో సీ10లోనో గడుస్తుంటే దిగుల్లేదు. సీ2, సీ3 దాటి కిందికి వెళ్లకపోతే ఏదో పరికరం ప్రాసెసర్‌ని నిద్రపోనివ్వడం లేదన్నమాట. నా డెస్క్‌టాప్‌లో ఆ పని చేసింది అదనపు డిస్కుల కోసం పెట్టిన సాటా కార్డు, దాంట్లో ఏఎస్‌పీఎం (పని లేనప్పుడు కార్డు లింకును నిద్రపుచ్చే ఏర్పాటు) సరిగా పనిచేయదు. కార్డు పీకేసి డిస్కులను మదర్‌బోర్డు పోర్టులకే తగిలించాక మీటర్ మీద అంకె కళ్లముందే దిగింది.

ఇంత తంటా లేకుండానే మినీ పీసీ తక్కువ వాట్లతో నడుస్తుంది. నా మొగ్గు దానివైపే. చప్పుడు విషయంలో మాత్రం డెస్క్‌టాప్‌ను తీసిపారేయలేం. 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే పక్కనున్నా వినపడదు. మినీ పీసీలోని బుల్లి ఫ్యాన్ అంతే గాలి తోయడానికి వేగంగా తిరిగి సన్నగా కీచుమంటుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే రొద సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది కాబట్టి, బయాస్‌లో (మెషీన్ మూల సెట్టింగుల్లో) పవర్ లిమిట్ తగ్గించి ఫ్యాన్‌కు తీరిక ఇవ్వండి. బరువు పనులు లేకపోతే ఫ్యాన్ లేని మోడలే తీసుకోండి.

డిస్కుల లెక్క చాలామంది మర్చిపోతారు. 3.5 అంగుళాల హార్డ్‌డిస్క్ ఊరికే తిరుగుతుంటేనే 4 నుంచి 6 వాట్లు. రెండు పెడితే అవే దాదాపు మినీ పీసీ అంత లాగుతాయి. ఆపరేటింగ్ సిస్టమ్, లాగ్స్, డేటాబేస్‌లు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టి, పెద్ద డిస్కును బ్యాకప్ సమయంలో మాత్రమే తిప్పండి. గంటకు పదిసార్లు ఆగి మొదలయ్యేలా పెడితే డిస్క్ అరుగుతుంది, జాగ్రత్త. చెక్క అర మీద నేరుగా పెట్టిన డిస్క్ గుయ్‌మంటుంటే కింద రబ్బరు ముక్కలు వేస్తే చాలు.

పాత ల్యాప్‌టాప్ చేతిలో ఉంటే మినీ పీసీ కొనే ముందు దాన్ని మీటర్‌కు పెట్టి చూడండి. స్క్రీన్ ఆపేస్తే చాలావాటికి 10 వాట్ల చుట్టూనే సరిపోతుంది. కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకుంటుంది. భయమల్లా ఆ బ్యాటరీతోనే. ఎప్పుడూ 100 శాతంలో, వేడిలో ఉంటే ఉబ్బుతుంది. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటేనే ఇరవైనాలుగు గంటలూ వదిలేయండి. టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచినట్టు కనిపించినా వెంటనే ప్లగ్ తీసేసి, బ్యాటరీ మార్పించాలి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ అన్నిటికంటే తక్కువ లాగుతుంది, యాడ్ బ్లాకర్, సెన్సార్ల లాంటి చిన్న పనులకు భేష్. రెడీమేడ్ నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) అయితే, సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక లేనివాళ్లకు.

డిస్కులెక్కువో, పెద్ద గ్రాఫిక్స్ కార్డుతోనే పనో ఉండి డెస్క్‌టాప్ తప్పదంటే దాన్ని రోజంతా మెలకువగా ఉంచకండి. సస్పెండ్‌లో (నిద్రలో) అది కొద్ది వాట్లతో సరిపెట్టుకుంటుంది. అవసరమైనప్పుడు వేక్ ఆన్ ల్యాన్‌తో, అంటే నెట్‌వర్క్ ద్వారా పంపే సంకేతంతో, లేపితే కొన్ని సెకన్లలో సిద్ధం. ఆ లేపే పని రౌటరో, ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న బోర్డో చేస్తుంది.