కోఠిలో '10,000 ల్యూమెన్స్' టార్చి కొనబోతున్నారా? ఆగండి

హాస్టల్లో ఉండే మా పిల్ల కోసం ఆ టార్చి గుజరాతీ గల్లీలో తీసుకున్నా. 1,150 రూపాయలు. కొట్టు పేరు రాయను, రాసినా లాభం లేదు. నల్ల డబ్బా, మీద సైనికుడి బొమ్మ, '10,000 ల్యూమెన్స్' (ల్యూమెన్ అంటే మొత్తం వెలుగుకి కొలత), వెలుగు పడే దూరం 'రెండు కిలోమీటర్లు'. ఆ సరుకు మీరందరూ చూసే ఉంటారు. ఆన్‌లైన్లోనూ అదే డబ్బా, కంపెనీ పేరు మాత్రం వారానికొకటి మారుతుంది.

పదకొండో రోజుకి చచ్చింది.

పట్టుకెళ్తే కౌంటర్లో ఉన్నాయన చేతిలోకి కూడా తీసుకోలేదు. దూరం నుంచే చూసి, "కరెంటు పోయినప్పుడు ఎంతసేపు వాడారు సార్?" అన్నాడు. రోజూ ఓ గంట అని చెప్పా. "అదీ సంగతి. అంతసేపు వాడితే ఏ టార్చి అయినా పోద్ది" అని పక్క కస్టమర్ వైపు తిరిగాడు. అంటే టార్చి లైటు కొనుక్కొచ్చి, వెలిగించకుండా దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకోవాలన్నమాట. కొన్నరోజు బిల్లు అడిగితే "బిల్లంటే జీఎస్టీ పడుద్ది సార్" అన్నాడు. అప్పుడే లేచి రావాల్సింది. వంద మిగిలిందని సంబరపడ్డ నా బుద్ధికి చెప్పు.

ఇంటికొచ్చి వెనక మూత విప్పా. నీలం రంగు 18650 సెల్, మీద 9900 ఎంఏహెచ్ (సెల్ ఎంత చార్జి పడుతుందో చెప్పే అంకె) అని అచ్చు. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, ఆ నంబరుకి అర్థం అంతే. ఆ సైజులో పేరున్న కంపెనీల సెల్ 3500 దరిదాపుల్లో ఆగిపోతుంది. మంచి సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. దీన్ని వంటింటి కాటా మీద పెడితే 27. లోపల సగం గాలే. మల్టీమీటర్ పెడితే 1.3 వోల్టు. ఈ సెల్ నిండా చార్జయితే 4.2, ఎంత వాడినా 2.5 కిందకి దిగకూడదు. అంతకంటే ముందే కరెంటు కట్ చేసే చిన్న సర్క్యూటు టార్చిలోనో సెల్‌లోనో ఉండాలి. ఈ రెండిట్లోనూ లేదు. లైటు మసకబారినా ఆరకుండా ఆఖరి బొట్టు దాకా పిండేసింది. అలా పడిపోయిన సెల్‌ని మళ్లీ చార్జి పెట్టకూడదు, లోపల షార్టయి నిప్పంటుకోవచ్చు. హాస్టల్ పిల్లలకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పరుపు మీదే పెట్టి చార్జి చేస్తారు.

ఇక 10,000 ల్యూమెన్స్. లెక్క నాకు ముందే తెలుసు, అయినా కొన్నా. ఎల్ఈడీ ఒక వాటుకి వంద ల్యూమెన్స్ ఇస్తుందనుకుంటే పదివేలకి వంద వాట్లు కావాలి. అసలైన 3500 సెల్‌లో ఉండేదే 13 వాట్-అవర్లు, అంటే వంద వాట్ల చొప్పున లాగితే ఎనిమిది నిమిషాల్లో ఖాళీ. అప్పటికి టార్చి పట్టుకున్న చెయ్యి కూడా కాలుతుంది. ఇది కొత్తలో 300 ఇచ్చుంటే గొప్ప. రెండు కిలోమీటర్లు అంటే పది లక్షల క్యాండెలా (ఒకే వైపు దూసుకుపోయే వెలుగు తీవ్రతకి కొలత) కావాలి, బొటనవేలంత అద్దంతో అయ్యే పని కాదు. కొట్లో ట్యూబులైట్ల కింద పది సెకన్లు గోడ మీద కొట్టి చూపిస్తాడు, మనం ఆహా అంటాం.

పిల్ల భద్రత కోసమని కొన్న వస్తువులో అసలు ప్రమాదం స్విచ్. ఒకటే బటన్, ఐదు మోడ్‌లు: ఫుల్, సగం, తక్కువ, టపటపా కొట్టుకునేది, ఎస్ఓఎస్. ఆర్పి వెంటనే నొక్కితే తర్వాతి మోడ్‌కి పోతుంది. చీకట్లో మెట్ల మీద తొందరగా నొక్కితే వచ్చింది ఆ నాలుగోది. "నాన్నా, ఇది డీజే లైట్‌లా కొడుతోంది, మెట్టు కనపడట్లేదు" అని ఫోన్. నొక్కగానే ప్రతిసారీ ఒకే మోడ్‌లో వెలిగేదీ, ఆ కొట్టుకునే మోడ్ వేరే నొక్కుడుకి ఉండేదీ అయితేనే కొనండి.

సి టైప్ చార్జింగ్ అంటారు, అందులోనూ మెలికే. రెండు వైపులా సి టైప్ ఉన్న ఫోన్ కేబుల్ పెడితే చార్జి ఎక్కదు. టార్చి తగిలిందని చార్జర్‌కి తెలియాలంటే సాకెట్ దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు వెయ్యాలి, రూపాయి కూడా కాదు, అవీ మిగుల్చుకున్నారు. డబ్బాలో ఇచ్చిన లాంటి, ఒకవైపు పాత రకం యూఎస్‌బీ ఉండే కేబుల్‌తోనే ఎక్కుతుంది, అది దగ్గర లేకపోతే చార్జి లేనట్టే.

మార్చమంటే ఇంకో 300 వేసుకుని ప్లగ్గులో గుచ్చే రెండు పిన్నుల టార్చి అంటగట్టబోయాడు. అందులో 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. సెలవులకి రెండు నెలలు చార్జి లేకుండా బీరువాలో పడుంటే ప్లేట్లకి పొర కట్టి మళ్లీ లేవదు. చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ప్లగ్గులో ఉండగా డొక్కు పగిలితే చెయ్యి తగిలేది నేరుగా 230 వోల్టులకే.

ఏం కొనాలంటారా? 150 నుంచి 300 ల్యూమెన్స్ చాలు. గదిలో పక్కపిల్ల నిద్రపోతుంటే చదువుకోడానికి పది, ఇరవై ల్యూమెన్స్ మోడ్ ఉండాలి, ఎక్కువగా వాడేది అదే. డబ్బా మీద ఎఫ్ఎల్1 (టార్చిల వెలుగు, దూరం, గంటలు కొలిచే ప్రమాణం) గుర్తులు చూడండి. అక్కడ రాసే గంటలు వెలుగు పదో వంతుకి పడేదాకా లెక్క. లిథియం సెల్ మీద ఇంగ్లీషు 'ఆర్' అక్షరం తర్వాత ఎనిమిది అంకెలుంటే, సరుకు ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూసుకోండి. ఇదంతా తలనొప్పి అనుకుంటే ఒక డబుల్ ఎ సెల్‌తో నడిచే చిన్న టార్చి కొనండి, ఏ కిరాణా కొట్లోనైనా సెల్ దొరుకుతుంది. బ్యాగులో వేసేటప్పుడు మూత పావు చుట్టు వదులు చేస్తే చాలావాటిలో దానంతటది వెలగదు. సెల్ఫ్ డిఫెన్స్ అని కరెంటు షాక్ కొట్టే టార్చిల జోలికి పోకండి, పిల్లకి 112 నొక్కడం నేర్పండి.

బిల్లు గురించి ఒక మాట. బిల్లు ఇవ్వకపోవడం, పాడైన సరుకు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టంలో అనుచిత వ్యాపారం కిందకే వస్తాయి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. నా దగ్గర ఫోన్‌పే రసీదు ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా. సెల్‌కి రెండు చివర్లా టేపు చుట్టి, టార్చితో పాటు డబ్బాలోనే ఉంచా, సాక్ష్యానికి.