అమ్మ మోకాలి ఎక్స్‌రే పెట్టి కుట్టిన పౌచ్: ప్రొద్దుటూరు ఎండలో రివాల్వర్ మోసినోడి రివ్యూ

రివాల్వర్ గురించి కాదు ఈ రివ్యూ. దాన్ని పెట్టుకునే తోలు పౌచ్ గురించి, అందులోనూ ఆ పౌచ్‌కి ఒంటి వైపు పైకి లేచి ఉండే అరచెయ్యంత తోలు ముక్క గురించి. కడపలో నాకు కుట్టిచ్చిన భాయ్ దాన్ని రెక్క అంటాడు, ఇంగ్లీషోళ్ళు స్వెట్ గార్డ్ అంటారు. మూడేండ్లు ఆ రెక్కను కనపడినోడికల్లా పొగిడినా, తర్వాత రెండు నెలలు నోటికొచ్చినట్టు తిట్టినా, ఇప్పుడు మళ్ళీ పొగుడుతాండా గానీ ముందంత గట్టిగా కాదు.

నాది కాన్పూర్‌లో చేసే పాయింట్ త్రీటూ రివాల్వర్, బ్లూ ఫినిష్‌ది, అంటే ఇనుము మీద నల్లటి నీలం పూత ఉండేది, అందరికీ తెల్సిందే కాబట్టి దాని గురించి ఏం రాయను. లైసెన్స్ ఎట్లొచ్చింది అని కూడా అడగొద్దండి, బంగారు పని, ప్రొద్దుటూరు బజారు, అంతే. బయటోళ్ళకు కడప జిల్లా అనంగానే ఇంకేదో గుర్తొస్తాది, తుపాకీ పైకి కనపడేట్టు పెట్టుకోని తిరుగుతాం అనుకుంటారు. అట్లేం లేదు సామీ. 2016 ఆర్మ్స్ రూల్స్‌లోనే ఉంది, నలుగురిలోకి తెచ్చేటప్పుడు హోల్‌స్టర్‌లోనో బ్యాగులోనో పూర్తిగా కప్పి ఉండాల. జాతరకు, ఊరేగింపుకు, కాలేజీ ఆవరణలోకి తీస్కపోకూడదని లైసెన్స్ షరతుల్లోనే రాసుంటాది, పెండ్లిండ్లకు నేనైతే ఇంట్లో బీగమేసే పోతా. కాబట్టి కప్పడం అనేది మన ఇష్టం కాదు. డిసెంబర్‌లో స్వెటర్ ఏసుకోని ఎవడైనా కప్పుతాడు, మే నెలలో 43 డిగ్రీల్లో, మోటర్‌సైకిల్ మీద మైదుకూరు, ఖాజీపేట, చెన్నూరు బ్రిడ్జి దాటి కడప పోయి మళ్ళీ రావాలంటే అప్పుడు తెలుస్తాది కప్పడం అంటే ఏందో.

బట్టల సంగతి తొందరగా చెప్పేస్తా. తెల్ల షర్ట్ వద్దు, చెమటకు తడిసిందంటే లోపల బనీను కంపెనీ పేరు కూడా చదవొచ్చు, రివాల్వర్ దాగుతాదా. నల్లది వద్దు, మధ్యాన్నానికి ఉప్పు చారలు కడతాయి. చిన్న గళ్ళదో పూలదో లూజు కాటన్ షర్ట్, టక్ చేయకుండా, పొడుగు మామూలు కంటే రెండించులు ఎక్కువ కుట్టించుకోవాల, లేకుంటే బైకు మీద గాలికి లేచిపోతాది. పౌచ్‌కి ఒంటికి మధ్యలో బనీను కంపల్సరీ, అది ప్యాంట్ లోపలికి దోపి ఉండాల. ప్యాంట్ నడుము మీ కొలత కంటే రెండించులు పెద్దది. బెల్ట్ రెండు పొరలది, గట్టిది. నాకు 52 ఏండ్లు, పొట్ట ఉండాది, ముందు వైపు పెట్టుకుంటే కూర్చున్నప్పుడల్లా హ్యామర్, అంటే రివాల్వర్ వెనకాల పైకి లేచి ఉండే కొక్కెం, పొట్టలో గుచ్చుకుంటాది, అందుకే కుడి తుంటి వెనక్కి జరుపుకున్నా. సన్నంగా ఉండేటోళ్ళకు ఏం పద్ధతో నాకు తెల్దు, నేను సన్నంగా ఉన్నప్పుడు లైసెన్స్ లేదు.

మొదట్లో ఆన్‌లైన్‌లో నైలాన్‌ది కొన్నా, "ఏ రివాల్వర్‌కైనా సరిపోతాది" అని రాసుండె. ఏదానికైనా సరిపోయేది దేనికీ సరిగ్గా పట్టదు. ట్రిగ్గర్ దగ్గర గుడ్డ మెత్తగా ఉండి లోపలికి మడత పడతాండె, ఒక రోజు అది చూసి వారానికే తీసి పక్కన పడేసినా. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డ్‌ను గట్టిగా మూయని పౌచ్ ఎంత సుఖంగా ఉన్నా నాకొద్దు. తర్వాత నడుముకు చుట్టుకునే ఎలాస్టిక్ పట్టీ, అది మే నెలలో తడి టవల్ కట్టుకోని తిరిగినట్టే. తర్వాత హైదరాబాద్‌లో కొన్న తోలుది, రెక్క లేనిది. అది బాగానే ఉండె గానీ హ్యామర్ కొస, తూటాలుండే సిలిండర్ పక్క నేరుగా నా ఒంటికే ఒరుసుకుంటాండె. సాయంత్రానికి ఎర్రగా కమిలిపోయి చెమటకాయలు. దానికి పౌడర్ కొట్టుకుంటే ఆ పౌడర్ పోయి తుపాకీ నూనెలో కలిసి సున్నంలాగా ముద్ద కట్టింది. ఈ తప్పు మాత్రం చేయొద్దండి, ఒక్కొక్క సందులోంచి బ్రష్షుతో తీసేసరికి అర్ధరాత్రి అయింది.

2021లో కడప ఏడు రోడ్ల దగ్గర బ్యాగులు, బెల్టులు కుట్టే ఒక భాయ్ దొరికినాడు. ఖాళీ చేసిన రివాల్వర్ కాదు, దాని కొలతకు చెక్కతో చేయించిన బొమ్మ తీస్కపోయి ఇచ్చినా, అసలుది అంగడిలో పెట్టి రావడం కుదరదు కదా. నా ఒంటి మీద మచ్చ చూపించినా. ఆయన అంతా చూసి, "సేటూ, గుర్రానికి జీను కింద పట్టా ఏస్తారు కదా, నీకు అది ల్యా" అన్నాడు. బర్రె తోలు మందంది తీసుకోని, ఒంటి వైపు పైకి అరచెయ్యంత రెక్క లేపి కుట్టినాడు. హ్యామర్, గ్రిప్ పైభాగం అంతా ఆ రెక్క ఎనకాలే.

మొదటి రోజు బైకు మీద కడప నుంచి ఇంటికొచ్చి బెల్ట్ విప్పేదాకా అది ఉన్నట్టే గుర్తు ల్యా. ఒంటికి తగిలేది తోలు మాత్రమే, ఇనుము ఒక్క చోట కూడా తగల్యా. నెల రోజులకు ఆ తోలు నా నడుము ఒంపుకు తగ్గట్టు వంగిపోయింది. చెమటకాయలు పోయినాయి. ఇంక చూడు, మా బజార్లో లైసెన్స్ ఉండే ఇంకో ఇద్దరికి, మా బావమరిదికి (వాడికి లైసెన్సే ల్యా) అందరికీ ఇదే ఉపన్యాసం. రెక్క ఉంటే చాలు, చెమట ఇనుము దాకా పోనే పోదు అని చెప్తాంటి. ఇప్పుడు ఆ మాటే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

2024 ఎలక్షన్లు. మార్చి 16న కోడ్ వచ్చింది, లైసెన్స్ ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమన్నారు, ఎప్పుడూ ఉండేదే, 2019లోనూ ఇంతే. మన దగ్గర ఎలక్షన్లు కూడా సరిగ్గా ఎండాకాలమే వస్తాయి, మే 13 పోలింగు. నేను పోయి తూటాలు లెక్కపెట్టి వేరుగా ఇచ్చి, రివాల్వర్ పౌచ్‌తో పాటే ఇచ్చి, రసీదు తీసుకోని వచ్చేసినా. "పౌచ్ ఉండనీలే సార్, గీతలు పడకుండా ఉంటాది" అని నేనే చెప్పినా, ఇది గుర్తుపెట్టుకోండి. నిజం చెప్పాలంటే ఆ ఎండాకాలం అంత సుఖం నాకు ఏ పౌచ్‌తోనూ రాల్యా. షర్ట్ టక్ చేసుకున్నా, తెల్ల షర్ట్ ఏసుకున్నా, కింద కూర్చోని బంతి భోజనం చేసినా. ఎండలో తుపాకీ మోయడానికి అన్నిటికన్నా హాయైన పద్ధతి ఏదంటే స్టేషన్‌లో డిపాజిట్ చేయడమే, అయిదు స్టార్లు దానికే ఇయ్యాల.

జూన్‌లో కోడ్ అయిపోయినాక తెచ్చుకున్నా. ఇంటికొచ్చి తీయబోతే రాల్యా. తోలుకు అతుక్కుపోయింది, గట్టిగా లాగితే చిర్రుమని శబ్దం చేసుకుంటా వచ్చింది. చూస్తే సిలిండర్ మీద ఎర్రగా చుక్కలు చుక్కలుగా తుప్పు, అదీ పౌచ్ కుట్లు ఏడేడ ఉండాయో సరిగ్గా ఆ వరసనే. బ్యారెల్ మీద ఇంకో వరస. మా ఇంటామె చూసి చుక్కల ముగ్గు బాగా కుదిరిందే అనింది. నాకు నవ్వు రాల్యా.

ముందు కోపం స్టేషన్ మీదికే పోయింది, ఏ తడి గోడ పక్కన పెట్టినారో అనుకున్నా. తర్వాత బజార్లో మిగతా వాళ్ళను అడిగితే వాళ్ళవి అద్దంలాగా ఉండాయి, వాళ్ళు పౌచ్ తీసేసి నూనె రాసి గుడ్డలో చుట్టి ఇచ్చినారంట. అదే బీరువా, అదే రెండున్నర నెలలు. అప్పుడు అర్థమైంది. మనది సముద్రానికి దూరం, పొడి ఎండ, ఇనుము తుప్పు పట్టదులే అని ధీమా. ఊరు పొడిదే గానీ నా నడుము దగ్గర మాత్రం సొంతంగా ఒక మచిలీపట్నం ఉండాది, మూడేండ్ల నుంచి ఆ ఉప్పు నీళ్ళంతా ఆ తోలే తాగుతా వచ్చింది. తోలు గోడ కాదు, వత్తి. ఒక పక్క పీలుస్తాది, ఇంకో పక్కకు మెల్లగా పంపిస్తాది. రోజూ రాత్రి నేను తీసి తుడుస్తాంటి కాబట్టి బయటపడల్యా, రెండున్నర నెలలు అట్లే వదిలేసరికి తన గుణం చూపించింది. పైగా తోలు ఊనేటప్పుడు వాడే ఉప్పులు, రసాయనాలు కూడా ఇనుముకు పడవంట. ఈ మాట చెప్పింది లైసెన్స్ ఉండే రిపేరు షాపు పెద్దాయన, రివాల్వర్ చూసి "ఉప్పు చేపతో కలిపి మూట కట్టినట్టు పెట్టినారే సార్" అన్నాడు. గరుకు కాగితం అస్సలు తగిలించొద్దు అని నూనె, మెత్త గుడ్డతో నాలుగైదు రోజులు చేయించినాడు. ఎరుపు పోయింది, బ్లూ కొంచెం పోయింది, నువ్వు గింజంత గుంటలు రెండు మిగిలినాయి. ఇప్పటికీ అద్దంలో మచ్చ చూసుకున్నట్టు రోజూ వాటినే చూస్తా.

ఆ పౌచ్ తీస్కపోయి భాయ్ ముందర ఏసి నాలుగు మాటలన్నా. ఆయనేం బాధపడల్యా. "తోలు తాగకుండా ఎట్లుంటాది సేటూ, బర్రె బతికున్నప్పుడు కూడా చెరువులోనే కదా ఉండేది" అన్నాడు. లోపల రెక్సిన్ అతికిస్తా అన్నాడు, నేనే వద్దన్నా, బైకు సీటు రెక్సిన్ రెండు ఎండాకాలాలకు ఎట్ల పగులుతాదో చూస్తానే ఉండాం. ఏదన్నా పల్చటి ప్లాస్టిక్ అట్ట, వంగేది, పగలనిది, ఎండకు ముడుచుకోనిది కావాల. ఆ రోజు అమ్మను మోకాలు నొప్పికి చూపించి వస్తాంటి, బండి సంచిలో ఎక్స్‌రే కవరు ఉండె. భాయే చూసినాడు. వేలితో మీటినాడు, వంచినాడు, నీళ్ళు చల్లి తుడిచినాడు. "ఇదుంటే ఇంకేం కావాల" అన్నాడు. ఎక్స్‌రే డాక్టర్ చూసేసినాడు కదా, అయిపోయిందిలే అని నేనూ ఇచ్చేసినా.

రెండు తోలు పొరల మధ్యలో ఫిల్ము. బంక సరిగ్గా పట్టదని అంచుల్లో కుట్టు మాత్రమే ఏసినాడు. అంటే ఇప్పుడు నా తుంటికి రివాల్వర్‌కు మధ్యలో మా అమ్మ మోకాలి చిప్ప ఉండాది.

పని చేస్తాందా లేదా అని నేనొక పరీక్ష పెట్టినా. పేపర్ ముక్క సన్నగా చించి తోలుకు, ఇనుముకు మధ్యలో దోపి మిట్టమధ్యాన్నం కడప పోయొచ్చినా. పాత పౌచ్‌లో అయితే పేపర్ మెత్తగా నాని, అక్షరాలు తోలు మీద అచ్చు పడినాయి. కొత్తదాంట్లో, ఒంటి వైపు తోలు పిండితే నీళ్ళు కారేట్టు ఉంటే, లోపల పేపర్ కరకరలాడతాండాది. అట్లా మూడు సార్లు చేసినా, ఆశ్చర్యం పోల్యా నాకు. రెండు ఎండాకాలాలు గడిచినాయి, కొత్త మచ్చ ఒక్కటి కూడా రాల్యా.

కానీ చెప్పాల్సినవి ఉండాయి. ఫిల్ము శబ్దం చేస్తాది. వంగినప్పుడు, బైకు దిగినప్పుడు కిర్రుమంటాది, బజార్లో ఎవురికీ వినపడదు గానీ బ్యాంకు మేనేజర్ గదిలో ఏసీలో కూర్చోని సంతకం కోసం ముందుకు వంగితే ఆయన కుర్చీ వైపు చూసినాడు. కుట్టు సూది రంధ్రాల దగ్గర కొంచెం తడి వస్తానే ఉంటాది, మైనం రుద్దితే తగ్గింది, పూర్తిగా పోల్యా. మందం పెరిగింది కాబట్టి ప్యాంట్లు మళ్ళీ ఇంకో ఇంచు వదులు చేయించాల్సి వచ్చింది. రెక్క పై మూల పక్కటెముకలో గుచ్చుకుంటాంటే గుండ్రంగా కత్తిరించినాడు. తడిసిన పౌచ్ ఎండలో పెడితే అప్పడంలాగా బిగుసుకుంటాది, ఫ్యాన్ కింద ఏలాడదీయాల, అందుకని రోజు మార్చి రోజు వాడటానికి రెండు కుట్టించుకున్నా. రెండో దానికి ఫిల్ము మా బావమరిది ఛాతీది.

ఇంకోటి, ఎంత మంచి రెక్క ఉన్నా రాత్రి పని తప్పదు. ఇంటికి రాంగానే పౌచ్‌లోంచి తీసి, ఖాళీ చేసి, పొడి గుడ్డతో తుడిచి, ఒక్క చుక్క నూనె గుడ్డకు రాసి ఆ గుడ్డతోనే ఇనుము మీద పూసి, పౌచ్ లేకుండా బీరువాలో పెట్టి బీగం. నూనె ఎక్కువ పోస్తే తూటాల్లోకి దిగి అవి పాడవుతాయి అంటారు, కాబట్టి చుక్కే. ఈ పది నిమిషాలు కూడా కలుపుకోనే సుఖం లెక్క చూడండి.

మొన్న అమ్మను మళ్ళీ డాక్టర్ దగ్గరికి తీస్కపోతే పాత ఎక్స్‌రే ఉంటే తెండి, పోల్చి చూద్దాం అన్నాడు. అమ్మ నా పక్కకు చూసింది. ఇంట్లో యాడ్నో పోయింది సార్ అన్నా.

మీకు పనికొస్తాదా అంటే నేను గట్టిగా చెప్పలేను. నాది పొట్ట ఉండే ఒళ్ళు, బ్లూ ఫినిష్ పాత రకం, రోజంతా అంగడిలో గద్దె మీద కూర్చునే పని, వారానికి రెండు సార్లు కడప. కారులో ఏసీలో తిరిగేటోళ్ళకు మామూలు తోలు పౌచ్ చాలేమో. మీకు నాకంటే తక్కువ చెమట పడితే ఫిల్ము కూడా అక్కర్లేదు. కానీ రెక్క లేని పౌచ్ మాత్రం మే నెలలో నేను ఇంక పెట్టుకోను, ఊరికే ఇచ్చినా పెట్టుకోను.

భాయ్ ఒక్కోదానికి 1,100 తీసుకున్నాడు, బేరమాడితే వంద తగ్గిస్తాడు. శుక్రవారం మధ్యాన్నం ఉండడు. ఫిల్ము మాత్రం మీరే తీస్కపోవాల, ఇప్పుడు ఆస్పత్రుల్లో చాలా చోట్ల ఫోన్‌కే పంపిస్తాండారు కాబట్టి ఇంట్లో పాతవి ఉంటే పారెయ్యొద్దండి.