సైకిల్ ఫ్రేమ్ లోపలి తుప్పుకు కాలిన ఇంజన్ ఆయిలా, అవిసె నూనెనా?

మా మిర్యాలగూడ దిక్కు నాట్లప్పుడు సైకిల్ బురదల్నే ఉంటది, పైన పెయింట్ నిగనిగ మెరుస్తది గాని సీటు పైపు సందుల నుంచి దిగిన నీళ్లన్నీ పోయి కింద పెడల్ యాక్సిల్ ఉండే గూట్ల నిలుస్తయ్, తుప్పు ఎక్కువ మొదలయ్యేది గాడ్నే.

చానామంది మెకానిక్ షాపుల నుంచి కాలిన ఇంజన్ ఆయిల్ తెచ్చి పోస్తరు. పుణ్యానికి దొరుకుతది, నిజమే. కానీ అది ఆరదు, ఎండకు పల్చబడి కిందికి జారుతది, పైన గొట్టాల గోడలకు ఏం మిగలదు, పైగ కాలిన ఆయిల్ల యాసిడ్ ఉంటది. ప్యాంటుకు మరకలు వేరే!

అవిసె నూనె అట్ల కాదు, గాలి తగిలి గట్టిపడి పొరలెక్క అంటుకుంటది. పెయింట్ షాపుల దొరికే ఉడకబెట్టిన రకమే తీస్కోర్రి, పచ్చిది ఆరనీకె చానా రోజులు పడ్తది. పెడల్ యాక్సిల్, సీటు పైపు ఊడదీసి, లోపల తడి పూర్తిగ ఆరినంక నూనె పోసి, ఫ్రేమ్‌ని అన్ని దిక్కులకు తిప్పి, మిగిలింది వంపెయ్యాలె, మరలకు అంటితే అప్పుడే తుడవాలె. ఆ తుడిచిన బట్టలు మాత్రం కుప్పేసి పెట్టకుర్రి, వాటంతటవే వేడెక్కి మండుతయ్, నీళ్లల్ల తడిపి బయట పరిచి ఆరేయాలె.

నేనైతే అవిసె నూనెకే ఓటు. చైన్‌కు మాత్రం పొయ్యకుర్రి, జిగటయి పట్టుకుంటది.