‘బిగ్ స్లీప్’ రెండు కూర్పుల డీవీడీ అని ఒకే సినిమాను రెండుసార్లు అంటగట్టాడు, జాగ్రత్త

పాత ఇంగ్లిష్ సినిమాల డిస్కులు అమ్మే ఆ పెద్దమనిషి ఎవరో మీలో సగం మందికి తెలుసు. ప్రతి ఆదివారం ‘అరుదైనది, సీలు కూడా తీయలేదు’ అంటూ ఫొటోలు పెడతాడే, ఆయనే. పేరు రాయను. నిన్న సాయంత్రం పార్సిల్ వచ్చింది, రాత్రంతా నిద్ర లేదు. 2,800 రూపాయలు గంగలో కలిశాయి.

‘బిగ్ స్లీప్’ అంటే రేమండ్ చాండ్లర్ 1939 నవల ఆధారంగా హోవర్డ్ హాక్స్ తీసిన డిటెక్టివ్ సినిమా. అందరూ చూసే 1946 కూర్పు నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. నాకు కావలసింది 1945 నాటిది. దాన్ని విదేశాల్లో ఉన్న అమెరికన్ సైనికులకు మాత్రం చూపించారు. తర్వాత హీరోయిన్ లారెన్ బకాల్ పాత్రకు ఇంకా పదును పెట్టాలని కొన్ని సన్నివేశాలు మళ్లీ తీసి, మొదటిదాన్ని మూలన పడేశారు. అది 1997లో గానీ థియేటర్ల ముఖం చూడలేదు. “రెండూ ఉన్నాయా?” అని రెండుసార్లు అడిగాను. “గ్యారంటీ సార్” అన్నాడు.

డిస్కు చేతిలోకి తీసుకోగానే అనుమానం రావలసింది. దాని మీద టోపీతో హీరో బోగార్ట్ బొమ్మ తళతళలాడుతోంది. 2000లో వచ్చిన అసలు డీవీడీకి ఒక్కో వైపు ఒక్కో కూర్పు ఉంటుంది, బొమ్మ వేయడానికి చోటెక్కడిది? ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా బొమ్మ ఎంత బాగుందో అని మురిసిపోయాను. నా అంత తెలివైనవాడు ఇంకొకడు ఉండడు.

మెనూలో 1945 అని ఉన్నచోట నొక్కాను. డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ న్యాయవాది) గదిలో డిటెక్టివ్ మార్లో కేసు చిక్కుముళ్లన్నీ విప్పి చెప్పే సన్నివేశం కోసం కాచుకుని కూర్చున్నాను. పాత కూర్పులోనే ఉండే ఆ సన్నివేశం కోసమే ఇంత డబ్బు పెట్టాను. అది రాలేదు. బోగార్ట్, బకాల్ ఎదురెదురుగా కూర్చుని గుర్రప్పందేల మాటలతో సరసమాడే సన్నివేశం వచ్చింది. అది తర్వాత అతికించినది! చివర్లో మోనా మార్స్‌గా ప్యాట్ క్లార్క్ కనిపించాలి, పెగ్గీ నడ్సెన్ కనిపించింది. ఒకే సినిమాకు రెండు పేర్లు పెట్టి పంపాడు.

ఫోను చేశాను. పొరపాటున వేరే డిస్కు వచ్చిందేమో అని మర్యాదగానే అడిగాను. నవ్వాడు.

“ఆ సినిమా కథ ఎవరికీ అర్థం కాదు కదండీ! డ్రైవరును ఎవరు చంపారో రాసినవాడికే తెలియదట. తేడా మీకెలా తెలిసింది?”

అదీ సంగతి. హాక్స్ అడిగితే చాండ్లర్ తనకూ తెలియదన్న కథ కూడా ఈయనకు తెలుసు. తెలియనివాడు అమ్మి ఉంటే పోనీలే అనుకునేవాణ్ణి. డబ్బు తిరిగి ఇమ్మంటే “సీలు తీసేశారుగా” అని ఫోను పెట్టేశాడు. సీలు తీయకుండా సినిమా ఎలా చూడాలో కూడా చెప్పి ఉంటే ఆ విద్య నేర్చుకునేవాణ్ణి.

మార్లో రోజుకు 25 డాలర్లు, పైన ఖర్చులు తీసుకుని ఎవరి మాటా నమ్మడు. అలాంటి కథలే ఇరవై ఏళ్లుగా చదువుతున్న నేను వస్తువు చూడకుండానే డబ్బు పంపాను.

కొనేవాళ్లు డిస్కు రెండు వైపులా ఫొటో అడగండి. 1945 కూర్పు 116 నిమిషాలు, 1946ది 114. రెండింటికీ ఒకే నిడివి చూపిస్తే డబ్బు పంపకండి. ‘మాల్టీస్ ఫాల్కన్’ కూడా ఆయన దగ్గరే ఆర్డరు పెట్టి ఉన్నాను, ముందు అది రద్దు చేయించుకోవాలి.